ఫోన్ లాక్కుంటారన్న భయమే అసలు ప్రమాదం

ఆన్‌లైన్ భద్రత పాఠం అంటే చాలా స్కూళ్లలో జరిగేది ఒకటే. ఏడాదికోసారి పిల్లలందర్నీ హాల్లో కూర్చోబెడతారు, ఎవరో వచ్చి గంటసేపు భయపెట్టి వెళ్తారు. పాస్‌వర్డ్ చెప్పొద్దు, తెలియనివాళ్లతో మాట్లాడొద్దు, ఫొటోలు పంపొద్దు. అన్నీ 'వద్దు'లే. పొరపాటున పంపేశాక ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

పిల్లలు ఇరుక్కునేది సరిగ్గా అక్కడే. ఫొటోలతో బ్లాక్‌మెయిల్ చేసేవాళ్లు పిల్లల ఈడు వాళ్లలా నటిస్తూ పరిచయం చేసుకుంటారు, ఒక్కోసారి కొన్ని గంటల్లోనే ఫొటో అడుగుతారు, అది చేతికి చిక్కగానే డబ్బు పంపు, లేదంటే నీ ఫ్రెండ్స్ అందరికీ పంపిస్తా అంటారు. ఇంట్లో తెలిస్తే తిట్లు, పైగా ఫోన్ పోతుంది అన్న టెన్షన్‌తో పిల్లలు నోరు విప్పరు. బ్లాక్‌మెయిలర్‌కి కావాల్సిందీ అదే. ఒకసారి డబ్బు పంపినా మళ్లీ అడుగుతాడు. అందుకే "ఏం జరిగినా వచ్చి చెప్పు, ఫోన్ తీసుకోం" అని పెద్దవాళ్లు ముందే మాటివ్వాలి. కోపం వచ్చినప్పుడు ఆ మాట మీద నిలబడటం కష్టం, ఒప్పుకుంటాను.

తర్వాతి పనులు కూడా క్లాసులోనే నేర్పొచ్చు. డబ్బు పంపకూడదు, చాట్ చెరిపేయకూడదు, బెదిరింపు మెసేజ్‌లూ ఖాతా పేరూ దాచుకుని, రిపోర్ట్ చేసి, అప్పుడు బ్లాక్ చేయాలి. పద్దెనిమిదేళ్లలోపు తీసిన నగ్న ఫొటోల కోసం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ 2023 నుంచి ఉంది. ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు. దాన్నుంచి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారై, అది మాత్రమే వెళ్తుంది, ఇందులో చేరిన కంపెనీలు దాంతో పోల్చి ఫొటోని తొలగిస్తాయి. చేరని యాప్‌లలో, ఎన్‌క్రిప్ట్ అయిన (మాట్లాడుకునేవాళ్లు తప్ప కంపెనీ కూడా చూడలేని) చాట్‌లలో ఇది పనిచేయదు, ఆ సంగతీ పిల్లలకు చెప్పాలి.

వయసు పరిమితి పెడితే సరిపోతుందిగా అనేవాళ్లున్నారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు ప్రధాన సోషల్ మీడియా ఖాతాలు ఆపేసింది. మంచిదే అనుకుందాం, మరి పదహారో పుట్టినరోజు నాడు ఏ అభ్యాసమూ లేకుండా లోపలికొచ్చే పిల్లాడి సంగతేంటి? చాలా యాప్‌లలో కనిపించే 13 ఏళ్ల గీత కూడా 1998 నాటి అమెరికా చట్టం నుంచి వచ్చిందే, అది పిల్లల వివరాలు సేకరించడం గురించి చేసిన చట్టం. ఆ వయసుకి బుద్ధి వచ్చేస్తుందని అందులో ఎక్కడా లేదు.

ఇక బాధ్యత సంగతి. క్లాస్ గ్రూపులో తోటి అమ్మాయి ఫొటోని మార్ఫ్ చేసి పెట్టేది ఒక్కడే, నవ్వే ఎమోజీ పెట్టేది, ఫార్వర్డ్ చేసేది ముప్పైమంది. మన పాఠాలన్నీ ఆ ఒక్కడికీ ఆ అమ్మాయికే, ముప్పైమందికీ ఏమీ ఉండదు. ఫార్వర్డ్ చేయకుండా ఆగడం, ఆ అమ్మాయికి విడిగా "నేను చూశాను, టీచర్‌కి చెప్దాం, నేనూ వస్తా" అని ఒక మెసేజ్ పెట్టడం, ఇంతే వాళ్లు నేర్చుకోవాల్సింది. ఒక పీరియడ్ పెట్టి, ఏ యాప్‌లో రిపోర్ట్ బటన్ ఎక్కడుందో అందరిచేతా వెతికించండి. టీచర్లలో ఎంతమందికి దొరుకుతుందో కూడా చూడాలి.