తినడానికి చేపలు పట్టే అనాగరికులకు

మా గోదావరి వాళ్లకి చేపల గురించి బొత్తిగా ఏమీ తెలియదన్న సంగతి నాకు హిమాచల్ వెళ్లొచ్చాకే అర్థమైంది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, తప్పంతా ఆ 'తినాలి' దగ్గరే ఉంది. నాగరికుడు కూడా పుస్తెలమ్ముతాడు, కాదనను. కానీ ఆ డబ్బుతో బెత్తంలాంటి కర్ర ఒకటి కొని, విమానమెక్కి, కొండలెక్కి, చేపను పట్టి, ఫోటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేసి ఇంటికొచ్చి పప్పన్నం తింటాడు. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు.

ఔట్ అనే ఊరి దగ్గర మనాలీ రోడ్డు వదిలేసి బంజార్ వైపు తిరిగితే తీర్థన్ లోయ. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ కొండల్లోంచి దిగే నది అది, దాంట్లోకి ఎన్నో చిన్న వాగులు వచ్చి కలుస్తాయి. మేం వెళ్లిన వాగు మన లెక్కలో పిల్లకాలవ. మోకాలి దాకా దిగితే మాత్రం ఎముకలు జివ్వుమంటాయి. మేం పట్టడానికి వెళ్లిన చేప పేరు ట్రౌట్, ఆ చల్లదనమే దానికి ప్రాణం. నీళ్లు 20 డిగ్రీలు దాటితే దాని అవస్థ మే నెలలో కరెంటు పోయిన రాజమండ్రి వాడి అవస్థే.

పైగా ఇది అడవి ట్రౌట్, గమనించగలరు. బ్రౌన్ ట్రౌట్ సొంతూరు యూరప్. కాశ్మీర్‌లో దొరలకి చలి ఉంది, బంగళా ఉంది, చేప మాత్రం తమ ఊరిది కాదని బెంగ పట్టుకుంది. 1899లో గుడ్లని ఓడెక్కిస్తే దారిలోనే పోయాయి. పట్టు వదలకుండా 1900లో మళ్లీ తెప్పించారు, ఈసారి బతికాయి. అవే 1909 నాటికి కులు లోయకి చేరాయి. అలా ఓడ దిగిన చేప ఇప్పుడు అడవి బిడ్డ. మరి అంతకుముందు నుంచీ ఆ నీళ్లలోనే ఉన్న స్నో ట్రౌట్ సంగతేంటి? పేరులో ట్రౌట్ ఉందిగానీ, అది మన శీలావతి, బొచ్చెల వైపు చుట్టం. దానికోసం ఎవడూ విమానమెక్కడు. సొంతూళ్లో ఉండిపోయినవాడికి విలువుండదని, ఫారిన్ నుంచి వచ్చినవాడికే సంబంధాలొస్తాయని తెలుగువాళ్లకి నేను చెప్పాలా?

ఇక విద్య విషయం. వానపాము వాడితే కులభ్రష్టత్వమే. కొక్కేనికి ఈకలు, కుందేలు బొచ్చు, దారం చుట్టి పురుగులా తయారు చేస్తారు, దానికి బరువే ఉండదు. అందుకని విసిరేది పురుగుని కాదు, దాని వెనకున్న లావుపాటి దారాన్ని. కర్రని వెనక్కి ఊపాలి, దారం పూర్తిగా సాగేదాకా ఒక్క క్షణం ఆగాలి, అప్పుడు ముందుకి. ఆ ఆగడంలోనే సర్వం ఉందన్నాడు గైడు. ఆగాను. వెనకున్న చెట్టూ ఆగింది. మొదటి రోజు నేను పట్టినవి: ఆ చెట్టు, మళ్లీ అదే చెట్టు, నా టోపీ, మా బావమరిది స్వెట్టరు.

"బావా, నన్ను కూడా వదిలేస్తావా, లేకపోతే ఫోటో దిగాలా?" అన్నాడు వాడు.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, తిండి కొట్టుకొస్తుందేమోనని చూస్తూ నిలబడుతుంది. కాబట్టి దిగువ నుంచి, వంగి వంగి, అప్పిచ్చినవాడి వీధిలోంచి వెళ్లినట్టు వెళ్లాలి. పురుగు నీటి వేగంతోనే తేలాలి, దారం కాస్త లాగినా అది మొహం తిప్పేసుకుంటుంది. మూడో రోజు మధ్యాహ్నం ఒక రాయి వెనక నీళ్లు చిన్నగా గుటక వేసినట్టయింది. జానెడు చేప. ఒళ్లంతా మగ్గిన తేనె రంగు, నల్లచుక్కలు, వాటి మధ్య అక్కడక్కడా ఎర్రచుక్కలు, ఒక్కో ఎర్రచుక్క చుట్టూ లేత వలయం, ఎవరో తీరిగ్గా కూర్చుని బొట్లు పెట్టినట్టు. పొడి చేత్తో ముట్టుకుంటే ఒంటి మీద జిగురు పోతుందని చెయ్యి తడుపుకున్నాను. వేళ్లలో దాని మొప్పలు నాలుగైదుసార్లు ఆడాయి, అంతే, లేదు. ఆ కాసేపు నాకు వ్యంగ్యం రాలేదు, క్షమించాలి.

అమ్మకి ఫోన్ చేశాను. "ఎంత తూగింది?" అంది. వదిలేశానన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. "ఒంట్లో బాగానే ఉంది కదా నాన్నా?"

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గుడ్లు పెట్టే కాలమని అక్కడ ట్రౌట్ వేట బంద్ అని కూడా చెప్పాను. "గుడ్లున్నప్పుడే కదరా రుచి," అంది. నిజమే. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే పులసని మనం సరిగ్గా ఆ దారిలోనే కాపు కాసి పడతాం, ఆ తర్వాత ఏటికేడాదీ పులస తగ్గిపోతోందేంటని ఆశ్చర్యపోతాం. ఈ ముక్క అమ్మతో అనలేదు, ఊరికి వెళ్లాలి కదా మళ్లీ.

ఆ రాత్రి గెస్ట్‌హౌస్‌లో భోజనానికి వేయించిన ట్రౌట్ పెట్టారు. కంగారుపడకండి, అది రెయిన్‌బో ట్రౌట్, సిమెంటు తొట్టిలో మేతేసి పెంచింది. దాని పూర్వీకులది అమెరికా పడమటి తీరం, హిమాచల్‌లో దాని పెంపకానికి చేయూతనిచ్చింది నార్వే. తొట్టిలో పెరిగిన చేపకి మన దయాదాక్షిణ్యాలు వర్తించవని నాగరికుల మధ్య ఒప్పందం ఉన్నట్టుంది, చుట్టూ టేబుళ్ల దగ్గర పొద్దున్నంతా చేపల్ని ముద్దుపెట్టుకుని వదిలినవాళ్లే ముళ్లు ఏరుతున్నారు. మా బావమరిది రెండోది తెప్పించాడు. నేనూ వద్దనలేదు. కాస్త చింతపండేసి పులుసు పెట్టుంటే ఇంకా బాగుండేది.