ఒకే ఇంజిన్, మూడు లెక్కలు

కారు కొందామని షోరూంకి వెళ్లాను. సేల్స్ కుర్రాడు "ఇంజిన్ పవర్ నూట ఇరవై బీహెచ్‌పీ సార్" అన్నాడు. బ్రోచర్ తిప్పితే 120 పీఎస్ అని ఉంది. ఇంకో పేజీలో 88 కిలోవాట్లు. "బీహెచ్‌పీ, పీఎస్ రెండూ ఒకటే కదండీ" అని నవ్వాడు. ఒకటి కాదు బాబూ! పీఎస్ అంటే మెట్రిక్ హార్స్‌పవర్, 735.5 వాట్లు. బీహెచ్‌పీ అంటే బ్రేక్ హార్స్‌పవర్, అందులో లెక్కపెట్టే బ్రిటిష్ హార్స్‌పవర్ దాదాపు 746 వాట్లు. ఆ 120 పీఎస్ బీహెచ్‌పీలో 118 చిల్లరే.

రెండు గుర్రాలే కదా, పోనీ అనుకుందాం. కానీ అమెరికా వాళ్లు చేసిన పని వింటే ఒళ్లు మండుతుంది. 1971 దాకా అక్కడ ఎక్కువగా గ్రాస్ లెక్కే చెప్పేవారు. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటివన్నీ పీకేసి, ఉత్త ఇంజిన్‌ని బెంచి మీద తిప్పి కొలిచేవారు. అలా ఎవరైనా రోడ్డు మీద నడుపుతారా? కాడిలాక్ ఎల్డొరాడో కారుకి 1971లో 365 హార్స్‌పవర్ అని రాశారు. 1972లో నెట్ లెక్కకి, అంటే అవన్నీ బిగించి కొలిచే పద్ధతికి, మారగానే అదే 8.2 లీటర్ల ఇంజిన్‌కి 235! ఇంజిన్ ఏమీ చిక్కిపోలేదు, కొలిచే పద్ధతి మారింది, అంతే.

ఇంతా చేసి ఇవన్నీ ఇంజిన్ దగ్గర లెక్కలు. గేర్‌బాక్స్ దాటి చక్రాల దాకా వచ్చేసరికి ఇంకొంత హారతి కర్పూరం. ఆ అంకె మాత్రం ఏ బ్రోచర్‌లోనూ నా కంటపడలేదు.

కుర్రాడు చివరికి "సన్‌రూఫ్ చూస్తారా సార్?" అన్నాడు.