42 దగ్గర మేలుకునే కాపలాదారు గారికి

శ్రీయుత లో వోల్టేజ్ కటాఫ్ గారికి,

నమస్కారం. బ్యాటరీ వోల్టేజ్ మరీ పడిపోకముందే లైన్ ఆపే కాపలాదారుగా తమరు మా సోలార్ ఇన్వర్టర్ సెట్టింగుల్లో ఏదో మూల ఉంటారని తెలుసు గానీ, ఇన్నాళ్ళూ పలకరించే పని పడలేదు. మూడు రోజులు మబ్బు పట్టి, నాలుగో రోజు తెల్లవారుజామున ఇల్లంతా చీకటైతే గానీ మీ చిరునామా వెతకలేదు. మెనూలో మూడు గదులు దాటి వెళ్తే దొరికారు. గుమ్మానికి 42.0 అని బోర్డు పెట్టుకుని, గుర్రు పెట్టి నిద్రపోతున్నారు.

ఆ 42 ఎక్కడిదో నాకు తెలుసు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని 10.5 దగ్గర ఆపడం మీ వంశాచారం. అలాంటివి నాలుగు వరసగా కలిపితే 42. అప్పటికి అది తప్పేం కాదు. ఆ బ్యాటరీ నీరసపడే కొద్దీ వోల్టేజ్ మెట్టు మెట్టుగా దిగేది, మీకు ఒళ్ళు విరుచుకుని లేచే తీరిక ఉండేది. ఇప్పుడు మీ కాపలాలో ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. 16 సెల్స్, 51.2 వోల్టులు. ఇది గుంభనమైన మనిషి లాంటిది. 90 శాతం నుంచి 20 శాతానికి దిగేదాకా ఒక్కో సెల్ 3.3, 3.2 వోల్టుల మధ్యే తచ్చాడుతుంది, మొహంలో ఏమీ బయటపడనివ్వదు. 3 వోల్టుల కిందికి వచ్చిందా, ఇక మెట్లుండవు, నేరుగా బావిలోకే.

42ని 16తో భాగిస్తే 2.625. సెల్ 2.5కి పడితే చాలా బీఎంఎస్‌లు, అంటే బ్యాటరీలోనే ఉండి ఒక్కో సెల్‌నీ కనిపెట్టుకునే సర్క్యూట్లు, లైన్ తెంపేస్తాయి. అంటే తమరు బావి గట్టు మీద కాదు, అడుగున నీళ్ళకు జానెడు ఎత్తులో కూర్చుని పహరా కాస్తున్నారన్నమాట. పోనీ ఆ మాత్రమైనా కాస్తారా అంటే, మీకు కనబడేది మొత్తం వోల్టేజ్ ఒక్కటే. 15 సెల్స్ 2.9 దగ్గర, ఒక బక్క సెల్ 2.5 దగ్గర ఉన్నాయనుకోండి. కూడితే 46. మీ లెక్కలో ఇంకా 4 వోల్టుల వైభవం మిగిలే ఉంది. బీఎంఎస్ మాత్రం ఆ బక్కదాన్ని చూసి ఎప్పుడో తెంపేసింది. మీ వంతు రానే రాదు. ఇంత నిశ్చింతైన ఉద్యోగం నేను ఇంకెక్కడా చూడలేదు.

'బీఎంఎస్ ఉందిగా, అదే చూసుకుంటుంది' అంటారేమో. అది ఆఖరి గొళ్ళెం సార్, రోజూ వేసి తీసే తలుపు కాదు. అది పడ్డాక మా ఇంట్లో ఏం జరిగిందో వినండి. తెల్లారి ఎండ కాసింది. ప్యానెళ్ళు తళతళా మెరుస్తున్నాయి. చార్జర్ మాత్రం కదల్లేదు. అది లేవాలంటే ముందు బ్యాటరీ వోల్టేజ్ కనబడాలట. బీఎంఎస్ తెంపేసింది కాబట్టి అక్కడ కనబడేది సున్నా. గొళ్ళెం తీయాలంటే చార్జర్ నుంచి కరెంట్ రావాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు. నెత్తి మీద నిండు సూర్యుణ్ణి పెట్టుకుని, చిన్న చార్జర్ ఒకటి అరువు తెచ్చి, తక్కువ కరెంట్‌తో దాన్ని బుజ్జగించి లేపాను.

శాతం చూపించే మీటర్ మీద మీరు నేరం నెట్టలేరు. అదీ ఆ రాత్రి 30కి పైనే చూపించింది, నిజమే. వచ్చిన కరెంట్, పోయిన కరెంట్ కూడికలు తీసివేతలు చేసుకునే గుమాస్తా అది. రోజుల తరబడి ఫుల్ చార్జ్ అవకపోతే దాని ఖాతా తప్పుతుంది. దాన్ని క్షమించాను.

మిమ్మల్ని క్షమించలేనిది ఇంకొక విషయంలో. మీరు సమయానికే లేచారనుకుందాం, 10 శాతం మిగిల్చి మా లైట్లు ఆపేశారనుకుందాం. మమ్మల్ని పస్తుంచి ఇన్వర్టర్ మాత్రం మానేసిందా? స్క్రీన్ వెలుగుతూనే ఉంది, లోపల ఏదో గొణుగుతూనే ఉంది. ఖాళీగా కూర్చుని అది 50 వాట్లు తాగుతుందంటే, 5.12 యూనిట్ల బ్యాటరీలో ఆ మిగిలిన 10 శాతం 512 వాట్ అవర్లు, పది గంటల్లో హుష్. కంచే చేను మేయడం అంటే ఇదే. ఆ తర్వాత ఎవరూ చూడకుండా వారాలు గడిస్తే బీఎంఎస్ కూడా తన వంతు చుక్క చుక్కగా పీలుస్తుంది. సెల్ మరీ అడుగంటితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్ళీ చార్జ్ ఎక్కిస్తే ఆ రాగి ఉండకూడని చోట పేరుకుని, లోపల్లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అలాంటి సెల్‌ని లేపడం కన్నా వదులుకోవడమే నయం.

అందుకని మీకు బదిలీ ఉత్తర్వులు. ఇక నుంచి మీ స్థానం 48.0, అంటే సెల్‌కి 3 వోల్టులు. మళ్ళీ తలుపు తీయడం 52 దాటాకే. లోడ్ ఆగగానే వోల్టేజ్ కాస్త లేస్తుంది, మీరు 'ఆహా కోలుకుంది' అని తీస్తారు, మళ్ళీ పడుతుంది, మళ్ళీ మూస్తారు. రాత్రంతా ఆ టకటకలు వినే ఓపిక నాకు లేదు. మోటార్ స్టార్టయ్యేటప్పుడు ఒక్క క్షణం పడే వోల్టేజ్‌కి బెదరకుండా కొన్ని సెకన్ల గడువు కూడా ఇచ్చాను. బీఎంఎస్‌కీ ఇన్వర్టర్‌కీ మధ్య కమ్యూనికేషన్ కేబుల్ వేయించాను, ఇకనైనా సెల్స్ సంగతి మీ చెవిన పడుతుందని. మబ్బు పట్టిన రాత్రి లైట్లు పోయాయంటే ఇన్వర్టర్ స్విచ్ నేనే కట్టేస్తున్నాను, ఆ పని మీ చేత కాదు కాబట్టి.

ఇట్లు,
మీ చీకటి బాధితుడు

తా.క.: నిన్న ఇన్వర్టర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయింది. అనుమానంతో మెనూ తెరిచి చూశాను. 42.0.