వీఎంను తిట్టి పిల్లల్ని మిద్దె దింపకండి

"వర్చువల్ మెషిన్‌లో శాటిలైట్ సాఫ్ట్‌వేరా? దండగ. ఇంకో లాప్‌టాప్ కొనుక్కో, లినక్స్ వేసుకో, అప్పుడు మాట్లాడదాం." మా చిన్నాన్న కొడుక్కి ఒక సీనియర్ హామ్, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియో నడిపే పెద్దాయన, ఇచ్చిన సలహా ఇది. వాడు కడపలో బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం. ఇంట్లో ఉన్నది ఒకటే లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, విండోస్. కాలేజీ పనంతా దాంట్లోనే, కాబట్టి విండోస్ తీసేసే మాటే లేదు. అందుకే విండోస్ లోపలే ఒక ప్రోగ్రామ్‌లా నడిచే ఇంకో కంప్యూటర్, అంటే వర్చువల్ మెషిన్ (వీఎం), పెట్టుకుని దాంట్లో లినక్స్ వేసుకున్నాడు. ఆ సలహా విన్నప్పటి నుంచి నాకు కడుపు మండుతూనే ఉంది.

వాడి మొదటి పాస్‌కి, అంటే ఉపగ్రహం మన మీదుగా వెళ్లే ఆ కొద్ది నిమిషాలకి, నేను పక్కనే ఉన్నా. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపుతున్న రోజులవి. సాయంత్రం ఏడైనా మిద్దె మీద గచ్చు ఇంకా కాలుతోంది. నా చేతిలో యాంటెన్నా, వాడి ఒళ్లో లాప్‌టాప్. యూఎస్‌బీకి పెట్టే రేడియో రిసీవర్ డాంగిల్‌ను నేరుగా వీఎంకి ఇచ్చాడు. సిగ్నల్ బ్రహ్మాండంగా వచ్చింది. బొమ్మ పైనుంచి గీత గీతగా దిగుతోంది. నాలుగు వేళ్ల మందం వచ్చిందో లేదో, గీతలన్నీ ఒక్కసారిగా పక్కకు జరిగాయి. కాసేపటికి మళ్లీ జరిగాయి. రెండు నిమిషాలయ్యాక చూస్తే, చించేసి వంకరగా అతికించిన కాగితంలా ఉంది. "ఏమైందన్నా?" అన్నాడు. ఆ సలహా వచ్చింది మర్నాడే.

ఏమైందో లెక్క వేసి చూద్దాం. మావాడి ఆర్‌టీఎల్ డాంగిల్ సెకనుకు 24 లక్షల శాంపిల్స్ (సిగ్నల్ కొలతలు) పంపుతోంది. ఒక్కోటి 2 బైట్లు. అంటే సెకనుకు 38 మెగాబిట్ల పైమాటే. వీఎంను నడిపే వర్చువల్‌బాక్స్‌లో యూఎస్‌బీ 1.1 పెట్టుకుంటే దాని దారి వెడల్పే 12 మెగాబిట్లు, అసలు పట్టదు. మావాడు 2.0 పెట్టుకున్నాడు. అయినా విండోస్ వేరే పనిలో పడి వీఎంను ఒక్క క్షణం ఆపితే కొన్ని శాంపిల్స్ గాల్లో కలిసిపోతాయి. ఈ బొమ్మల పద్ధతిలో ప్రతి గీతా సమయాన్ని బట్టే తన చోట కూర్చుంటుంది. మధ్యలో శాంపిల్స్ పోతే తర్వాతి గీతలన్నీ జరిగిపోతాయి. మాకు జరిగింది అదే.

దీనికి కొత్త లాప్‌టాప్ అక్కర్లేదు. డాంగిల్‌ను వీఎంకి ఇవ్వకుండా విండోస్‌లోనే ఉంచండి. జాడిగ్ అనే టూల్‌తో డ్రైవర్ మార్చి, డాంగిల్ డేటాను నెట్‌వర్క్ మీద పంపే ఆర్‌టీఎల్-టీసీపీని 0.0.0.0 అడ్రస్‌తో నడపండి. వీఎంలోని రిసీవర్ సాఫ్ట్‌వేర్‌కి హోస్ట్ (అంటే విండోస్) ఐపీ, 1234 పోర్ట్ ఇవ్వండి. ఫైర్‌వాల్ అడిగితే అనుమతించండి. శాంపిల్ రేటు రెండున్నర లక్షలకు దించండి, ఒక్క ఎఫ్ఎం సిగ్నల్‌కి అది చాలు. ఇప్పుడు వీఎం క్షణం తడబడినా డేటా బఫర్‌లో ఆగి ఉంటుంది. ఈ నాలుగు మాటలు ఆ పిల్లోడికి చెప్పడానికి ఆ పెద్దాయనకు ఎంతసేపు పట్టేది?

గడియారం సంగతి కూడా ఎవరూ చెప్పరు. రాత్రి వీఎంను సేవ్ చేసి మూసి, పొద్దున తెరిస్తే దాని టైమ్ ఒక్కోసారి వెనకబడి ఉంటుంది. అంతరిక్ష కేంద్రం సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్లు పోతుంది. గడియారం 20 సెకన్లు తప్పితే ఉపగ్రహాల జాడ చూపే జీప్రెడిక్ట్ దాన్ని 150 కిలోమీటర్లు తేడాగా చూపిస్తుంది, ఉపగ్రహ వేగం వల్ల మారే ఫ్రీక్వెన్సీకి చేసే డాప్లర్ సవరణా తప్పుతుంది. వీఎం టైమ్‌ను విండోస్‌తో కలిపే గెస్ట్ అడిషన్స్ వేసుకోండి, పాస్‌కి ముందు టైమ్ ఒకసారి చూసుకోండి. కక్ష్య వివరాలు కూడా తాజాగా దించుకోండి.

నన్నడిగితే కొన్ని పనులకు వీఎంయే మేలు. ఉపగ్రహాల డేటాను విప్పే జీఆర్-శాటిలైట్స్ నడవాలంటే దానికి సరిపోయే గ్నూ రేడియో (అది ఆధారపడే రేడియో సాఫ్ట్‌వేర్) వెర్షన్ ఉండాలి. ఒక్క అప్‌డేట్‌తో అంతా కూలిపోయి, పరీక్షల ముందు రాత్రంతా టెన్షన్ పడిన పిల్లల్ని చూశా. వీఎంలో అయితే ముందే స్నాప్‌షాట్ (వీఎం ఉన్న స్థితిని ఉన్నట్టే దాచడం) తీసుకుంటే రెండు నిమిషాల్లో వెనక్కి రావచ్చు.

2005 మే 5న హామ్‌శాట్ ఎగిరింది శ్రీహరికోట నుంచి. అప్పట్లో అది నెల్లూరు జిల్లా, మా పక్కదే. హామ్‌ల కోసం ఇస్రో చేసిన ఆ ఉపగ్రహం 2014 దాకా పనిచేసింది. దాని ద్వారా ప్రపంచమంతా మాట్లాడుకుంటే, మా కడపలో విన్నవాళ్లెవరని వెతికితే నాకు ఒక్కరూ దొరకలేదు. ఇప్పుడొక పిల్లోడు తనంతట తాను మిద్దె ఎక్కితే, డబ్బులు పెట్టి ఇంకో లాప్‌టాప్ కొనుక్కుని రా అని దింపేస్తారా?

తర్వాతి వారం వాడికి బొమ్మ నిండుగా వచ్చింది. పాలకొండల వైపు ఉపగ్రహం కిందికి దిగేటప్పుడు చివరి పది గీతలు మాత్రం పోయాయి, దానికి ఏ కంప్యూటరూ ఏమీ చేయలేదు. అన్నీ సరిచేసిన ఆ వీఎంను ఒకే ఓవీఏ ఫైల్‌గా చేసి పెట్టాం. వాడి క్లాస్‌మేట్లు ఇద్దరు ఇప్పటికే పట్టుకెళ్లారు. కడపలో ఇంకెవరికైనా కావాలంటే పెన్‌డ్రైవ్ తీసుకుని రండి. 32 జీబీది తెండి, 16లో పట్టదు.