అయిదేళ్ల లోపు పిల్లలకు మొదటి బహుమతి ఎందుకు?

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వేసవి పిక్నిక్‌లో ఈసారి అయిదేళ్ల లోపు పిల్లలకు చేతిపనుల పోటీ పెట్టారు. ముందుగా కార్యవర్గానికి థాంక్స్ చెప్పాలి. ఏటా ఆ వయసు పిల్లల్ని గాలి నింపిన బౌన్స్ హౌస్‌లో గెంతడానికి వదిలేసి పెద్దవాళ్ళం త్రోబాల్‌కీ బిర్యానీ లైనుకీ వెళ్ళిపోవడమే కదా! కానీ ఆ పిక్నిక్ షెల్టర్ కప్పు కింద జరిగింది పిల్లల పోటీ కాదు, నాన్నల పోటీ. అర డజను గ్లూ గన్‌లు బయటికొచ్చాయి. ఒకాయన అట్టముక్కలతో గాలిగోపురం కడుతుంటే, ఆయన మూడేళ్ల కొడుకు బల్ల కింద కూర్చుని జిగురు సీసా మూత నాకుతున్నాడు. ఆ గోపురానికే మొదటి బహుమతి వచ్చింది. నిజం చెప్పాలంటే గోపురం బ్రహ్మాండంగా ఉంది.

అంతవరకూ నవ్వుకుని ఊరుకునేదాన్నే. ఫోటో దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. గ్రూప్ ఫోటోకి చూడముచ్చటగా ఉన్నవన్నీ ముందుకు తెచ్చి, మిగతావి తీసి వెనక ఫుడ్ టేబుల్ మీద పెట్టారు. మా నాలుగేళ్ల పిల్ల తన కాగితం కోసం వెతుక్కుంటూ వెళితే, ఎవరో దాని మీద సమోసా పెట్టుకుని తింటున్నారు. పసుపు పచ్చగా ఉంది కదా, టేబుల్ మీద వేసిన కాగితం అనుకున్నారట. పిల్ల ఏడవలేదు. నూనె పడినచోట కాగితంలోంచి వెలుతురు కనిపిస్తోందని ఇంకా సంబరపడింది. కోపం వచ్చింది నాకే.

నేను ఇక్కడ ఒక ప్రీస్కూల్లో అసిస్టెంట్ టీచర్‌గా చేస్తున్నాను. రోజంతా మూడు, నాలుగేళ్ల పిల్లల చేతులే చూస్తుంటాను. ఆ వయసులో వాళ్ళకి చేయడంలోనే ఆనందం, చేసిన వస్తువు మీద ధ్యాస ఉండదు. చింపడం, పిసకడం, నలపడం, అతికించి మళ్ళీ పీకడం. రేపు పెన్సిల్ పట్టుకోవాల్సిన వేళ్ళకి బలం వచ్చేది ఈ పనులతోనే. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1837లో జర్మనీలోని బాద్ బ్లాంకెన్‌బర్గ్‌లో కిండర్‌గార్టెన్‌కి ఆద్యుడైన ఫ్రోబెల్ పెట్టిన చిన్నపిల్లల బడిలోనే కాగితం మడవడం, అల్లడం, మట్టితో బొమ్మలు చేయడం ఉండేవి. మా క్లాసులో టీచర్ చేసిన నమూనా పిల్లల ముందు పెట్టకూడదని రూలు. ఇక్కడి బడులన్నీ ఇలాగే ఉంటాయనుకోకండి. ఇరవైమంది పిల్లలకీ ఒకేలాంటి ఇరవై గొంగళిపురుగులు చేయించి ఇంటికి పంపేవీ ఉన్నాయి.

పిక్నిక్‌లో సమోసా కిందికి పోయిన ఆ కాగితం ఎక్కడిదో చెప్పాలి. మా అత్తయ్యగారు కోనసీమ నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. జూన్‌లో బడి మూశాక సాయంత్రాలు నానమ్మా మనవరాలూ ఇంటి వెనక చెక్క డెక్ మీదే. ఒకరోజు ఆవిడ వంటింట్లో పసుపు నీళ్ళలో కలిపి, మందపాటి కాగితానికి రాసి, ఎండలో పెట్టింది. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, ఆ ఎరుపు పిల్లకి చూపించాలని ఆవిడ సరదా. సున్నం పిల్లల చేతికి ఇవ్వకూడదు, కంట్లో పడితే ప్రమాదం. బేకింగ్ సోడాతో అవుతుందేమో చూడండి అన్నాను. అరకప్పు నీళ్ళలో ఒక చెంచా సోడా కలిపి ఇస్తే, పిల్ల అందులో వేలు ముంచి ఎండిన పసుపు మీద పెట్టింది. పెట్టినచోటల్లా ఇటుకరంగు ఎరుపు. దాని కళ్ళు చూడాలి! తర్వాత నిమ్మచెక్క పిండితే మళ్ళీ పసుపు. కాగితం తడిసి చిరగబోయేదాకా ఇదే పని. "ఇదేంటే అమ్మలూ?" అని నానమ్మ అడిగితే "వాన" అంది. ఎర్రవాన. నాకైతే అక్కడ వానేమీ కనిపించలేదు, కానీ నన్నెవరు అడిగారు?

జులైలో రోడ్డు పక్క ఫార్మ్ స్టాండ్‌లలో న్యూజెర్సీ స్వీట్ కార్న్ వస్తుంది కదా. పొత్తులు ఒలిచి ఆకు చెత్తలో వేయబోతుంటే "అమ్మాయ్, ఉంచు ఉంచు" అని ఆవిడ లాక్కుంది. కొబ్బరాకుతో బూరలు, చిలకలు, చేతి గడియారాలు చేసిన చేయి అది. ఇక్కడ కొబ్బరాకు ఎక్కడ దొరుకుతుంది? పొత్తు ఆకులు నాలుగైదు దగ్గరగా పెట్టి ఊలుదారంతో కట్టి, వెనక్కి మడిచి మెడ దగ్గర ఇంకో కట్టు వేసింది. తల వచ్చింది. సన్నగా చుట్టిన ఆకు అడ్డంగా దూర్చితే చేతులు. నడుము దగ్గర కడితే పరికిణీ. పక్కింటి ఇద్దరు పిల్లలు కంచె దాటి వచ్చేశారు. వాళ్ళకి తెలుగు రాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. గంటన్నర ఎవరూ కదల్లేదు. ఈ దేశపు ఆదివాసుల్లో హోడెనోషోనీ ప్రజలు తరతరాలుగా మొక్కజొన్న ఆకుతో బొమ్మలు చేస్తున్నారనీ, వాటికి ముఖం గీయరనీ తర్వాత ఆవిడకి చెప్పాను. "మంచి పని, ముఖం వేయడమే కష్టం" అంది.

మన ఊళ్ళో అంతా గొప్పగా ఉండేదని రాయడం నా ఉద్దేశం కాదు. ఎల్కేజీలో గీత దాటి రంగు వేస్తే స్కేలు దెబ్బ తగిలేది. ఇదే అత్తయ్యగారు పిల్ల ఎడమచేత్తో దారం పట్టుకుంటే ఠక్కున కుడిచేతిలోకి మారుస్తారు, నేను మళ్ళీ ఎడమచేతిలో పెడతాను. మా మధ్య ఈ యుద్ధం ఇంకా నడుస్తోంది. చిన్నప్పుడు గురివింద గింజలతో దండలు గుచ్చుకునేవాళ్ళం. అవి విషం, పిల్లలున్న బల్ల దగ్గరికే రాకూడదు. చింతపిక్కలూ మూడేళ్ల లోపు వాళ్ళకి వద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. కానీ ఒక్క సంగతి. వేసవి సెలవుల్లో తాటిముంజలు తినేశాక మిగిలిన రెండు కాయల మధ్య పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ వీధంతా తిరిగిన బండికి ఎవరూ మార్కులు వేయలేదు. అది వంకరగానే నడిచేది. చక్రం ఊడితే ఇంకో కాయ తెచ్చుకునేవాళ్ళం. ఏ పెద్దమనిషీ వచ్చి "ఇలా కాదు, ఇటివ్వు నేను చేస్తా" అనలేదు. వాళ్ళకి అంత తీరికా లేదు, నిజమే.

వాలంటీర్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. షెల్టర్‌కి డిపాజిట్ కడతాం, పసుపు మరకలు పడితే కడగాల్సింది వాళ్ళే. కొనుక్కొచ్చిన చేతిపనుల కిట్ అయితే తెరిచి ఇచ్చేస్తే సరిపోతుంది. బహుమతి లేకపోతే తల్లిదండ్రులు రారని ఒక పెద్దాయన నాతో అన్నారు. అందులోనూ నిజం ఉంది. ట్రోఫీ ఉందంటేనే మనం కారు తీస్తాం. కానీ ఆ కిట్‌లలో ఏముందో ఎవరైనా చూశారా? పూసలు, అతికించే బుల్లి కళ్ళు. టాయిలెట్ పేపర్ అట్టగొట్టంలో పట్టే వస్తువేదీ మూడేళ్ల లోపు పిల్లలకి ఇవ్వకూడదన్నది మేం బడిలో పాటించే లెక్క. ఆ లెక్కన కిట్‌లో సగం తీసి పక్కన పెట్టాలి.

పోటీ వద్దు అంటే ఏదీ వద్దని కాదు. ఎనిమిదేళ్ల పిల్లలకి పెట్టుకోండి, వాళ్ళకి గెలవడం ఓడడం తెలుసు. అయిదేళ్ల లోపు వాళ్ళకి ఒక బల్ల చాలు. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, కాస్త నూనె, నీళ్ళు వేసి ముద్ద చేసి ఇస్తే గంటసేపు మన వైపు చూడరు. ఉప్పు ఎక్కువ కాబట్టి ఒకసారి నోట్లో పెట్టినా వెంటనే ఉమ్మేస్తారు, అయినా ఒక కన్ను వేసి ఉంచాలి. ఆషాఢం ఎటూ ఇక్కడి వేసవిలోనే వస్తుంది, గోరింటాకు ముద్ద పెడదాం. చుక్కలు పెట్టేది కూడా పిల్లలే, నానమ్మల చేతుల మీద. కోన్‌లు వద్దు. నల్లగా పండే "బ్లాక్ హెన్నా" అసలే వద్దు, అందులో కలిపే రసాయనంతో చర్మం బొబ్బలెక్కుతుంది.

ఆ బల్ల దగ్గర ఇండియా నుంచి వచ్చిన నానమ్మల్ని, తాతయ్యల్ని కూర్చోబెట్టండి. పిక్నిక్‌లో వాళ్ళని చూశారా? చెట్టుకింద ఫోల్డింగ్ కుర్చీల్లో పర్సులూ చెప్పులూ కాపలా కాస్తూ కూర్చున్నారు. ఒక్కొక్కరి వేళ్ళలో ఎన్ని ఆటలున్నాయో మనం అడగనే లేదు. తల్లిదండ్రులు మాత్రం బల్లకి ఆరడుగుల దూరంలో ఉండాలని బోర్డు పెట్టండి. జోక్ కాదు, మా బడిలో తలుపు బయటే ఆపేస్తాం. ఫోటో తీస్తే పిల్లల చేతులు తీయండి, జిగురు మెత్తుకుపోయి ఉన్నా సరే.

వినాయక చవితికి సంఘం తరఫున మట్టి తెప్పిస్తున్నారని విన్నాను. దయచేసి ఈసారి అచ్చులు తేకండి. పిల్లల వినాయకుడికి తొండం ఊడిపోతే ఊడిపోనివ్వండి, స్టేజి మీద పెట్టే విగ్రహం ఎటూ వేరే వస్తుంది. వచ్చే కార్యవర్గ సమావేశంలో దీనికి పది నిమిషాలు ఇవ్వండి. బల్ల మీద పరిచే ప్లాస్టిక్ షీట్లు, తడి గుడ్డలు నేను తెస్తాను, చివర కడగడానికీ ఉంటాను. అత్తయ్యగారి టికెట్ అక్టోబర్‌కి ఉంది.