ముక్కులో ముప్పై గ్రాములు

రెండు నెలలుగా మా వంటింటి తూకం మీద పిండి తూచిన పాపాన పోలేదు. మోటారు, బ్యాటరీ, రెక్క పలకలను కదిపే బుల్లి మోటార్లయిన సర్వోలు, మరలు, ఒకసారి ఎండిపోయిన జిగురు ఉండ కూడా తూచాను. రేడియోతో నడిచే విమానం కట్టేవాడికి గ్రాము గ్రామూ లెక్కే. రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు 120 సెంటీమీటర్లు, మొత్తం బరువు 900 గ్రాములు దాటకూడదని నా పంతం.

మొదటి రెక్క నేల విడవకుండానే పోయింది. థర్మకోల్ రెక్కకు మామూలు సూపర్ గ్లూ పూశాను. ఆ జిగురు థర్మకోల్‌ను అతికించదు, తినేస్తుంది. పూసిన చోటల్లా గుంతలు పడుతుంటే కంగారుగా తుడవబోయాను. రెక్క కరిగింది, నా రెండు వేళ్లు మాత్రం దివ్యంగా అతుక్కున్నాయి. రెండో రెక్కను బాల్సా అనే తేలిక చెక్కతో చేశాను.

అసలు తపస్సు గరిమనాభి దగ్గర మొదలైంది. నా రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు. ముందంచు నుంచి అందులో పావు వంతు, అంటే 5 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ల మీద ఆనిస్తే విమానం త్రాసులా నిలవాలి. ముక్కు బరువైతే విమానం బద్ధకంగా ఎగురుతుందట, తోక బరువైతే ఒక్కసారే ఎగురుతుందట. నాది తోక మీద చతికిలబడింది. బ్యాటరీని ముందుకు ఎంత జరిపినా చాలలేదు. ముక్కులో ఇంకో 30 గ్రాములు పడాలి. సొరుగులో తడిమితే ఏదో ఇనుప గుత్తి చేతికి తగిలింది. తూచాను, సరిగ్గా 30. దేవుడున్నాడు అనుకుని ముక్కులో కూరి, జిగురు పోసి మూసేశాను.

ఇక మిగిలింది ఎయిలరాన్ల పరీక్ష. రెక్కల వెనకంచున ఉండే కదిలే పలకలవి. చేతిలోని ట్రాన్స్‌మిటర్ మీద మీటను కుడికి తోస్తే కుడి పలక పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి, అప్పుడే విమానం కుడికి వాలుతుంది. బల్ల మీద పెట్టి మీట తోశాను. కుడిది లేచింది. ఎంత బుద్ధిమంతురాలో!

"నాన్నా, ఒకసారి వెనక నుంచి కూడా చూద్దామా?" అన్నాడు మా అబ్బాయి.

"విమానాన్ని వెనక నుంచి చూసేది దాన్ని అందుకోలేకపోయినవాళ్లురా" అన్నాను.

ఆ సమయంలోనే మా ఆవిడ ఏదో కనబడడం లేదని మంచాల కింద వెతుకుతోంది. ఏ వస్తువు చోటు దానికి ఉండాలని తలెత్తకుండానే హితవు చెప్పాను.

ఆదివారం మైదానంలో మా బావమరిది గాలికి ఎదురుగా నాలుగడుగులు పరుగెత్తి విమానాన్ని వదిలాడు. లేచింది! మూడో సెకనులో ఎడమకు కాస్త వాలింది. ఏముంది, మీటను కుడికి పిసరంత తోశాను. ఇంకా వాలింది. ఇంకాస్త తోశాను. మరీ వాలింది. మాట వినకపోతే మొండిది అనుకోవచ్చు, ఇది చెప్పినదల్లా శ్రద్ధగా తలకిందులుగా చేస్తోంది. చివరికి మీటను కుడి చివరకు ఆనించేశాను. విమానం వెల్లకిలా పడి, ముక్కుతో నేలను పొడిచింది.

ముక్కలు ఏరుతుండగా వెలిగింది. బల్ల మీద విమానం ముక్కు నా వైపు ఉంది. నేను కుడి అనుకున్నది దాని ఎడమ. ఎదురుగా నిలబడినవాడి కుడి చెయ్యి మనకు ఎడమ పక్కన ఉంటుందని మా అబ్బాయికి ఒకటో తరగతిలో నేర్పింది నేనే. ట్రాన్స్‌మిటర్‌లో ఎయిలరాన్లను నడిపే ఛానల్‌ను రివర్స్ చేస్తే సరిపోయేది, రెండు సెకన్ల పని.

మా ఆవిడ మాత్రం పగిలిన ముక్కు దగ్గర వంగి చాలాసేపు చూసింది. జిగురు గడ్డలోంచి గుత్తిని పెకలించి నా కళ్ల ముందు ఆడించింది.

"ఇవి ఇందులోకి ఎందుకొచ్చాయండీ?"

"గరిమనాభి కోసం" అన్నాను.

బీరువా తాళం పగలగొట్టించి అప్పటికి నాలుగు రోజులైంది.