లాయరు ముందు అడిగేది కేసు షీటే
డాక్టర్ల తరఫున వాదించే లాయరు గారి గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ ఆయన పని సగం ఆస్పత్రిలోనే జరుగుతుందని కూడా రాయాల్సింది. నేను అమలాపురంలో నర్సుగా చేశాను. మా ఆస్పత్రి లాయరు గారు రాగానే కేసు షీటు, అంటే రోగికి ఏ వైద్యం ఎప్పుడు చేశారో రాసుంచే కాగితం అడిగేవారు. ఇంజక్షన్ ఎన్నింటికిచ్చారు, కాకినాడ తీసుకెళ్లమని ఎప్పుడు చెప్పారు, దానికింద బంధువుల సంతకమేది అని వేలుపెట్టి చూపించి మరీ అడిగేవారు. తర్వాత దిద్దారని తెలిస్తే కేసే పట్టనని ఖరాఖండిగా చెప్పేవారు. అదే నాకు నచ్చేది.

2005లో జాకబ్ మాథ్యూ అనే డాక్టరు కేసులో సుప్రీంకోర్టు, డాక్టరుపై క్రిమినల్ కేసుకు తీవ్ర నిర్లక్ష్యం ఉండాలంది. దాన్ని డాక్టర్లకు పూర్తి మినహాయింపు అనుకోవద్దు. డబ్బు తీసుకుని చేసే వైద్యం 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచీ వినియోగదారుల చట్టం కిందే ఉంది, పరిహారం అడగొచ్చు. రోగి తరఫువాళ్లు అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలన్న నిబంధన కూడా రాసుంటే మా ఊళ్లవాళ్లకు ఎంతో ఉపయోగపడేదండీ.